పిన్నిగారి గడువు

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన పిల్లలకు ప్రిన్సిపాలు పేరు గుర్తుండకపోవచ్చు, మొదటి ఏడాది లెక్కలు చెప్పిన మాస్టారి ముఖం గుర్తుండకపోవచ్చు. పిన్నిగారిని మాత్రం మరచిపోయినవాళ్ళు లేరు. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు. ప్లేస్‌మెంట్ ఆఫీసులో గుమాస్తా. మెట్ల కింద ఇరుకు గది, దానికో గాజు కిటికీ, కిటికీకి చెయ్యి దూరేంత కంత. కంతకు ఇవతల కుర్చీలో ఆవిడ, అవతల నిలబడి పిల్లలు.

బయటి నుంచి పిల్లలకు ఏ కబురొచ్చినా ముందు ఆ గదికే వస్తుంది. ఫలానా చోట పోటీ ఉంది, ఫలానా ఫ్యాక్టరీ వాళ్ళు సెలవుల్లో శిక్షణ ఇస్తారు, ఫలానా కంపెనీ వాళ్ళు మనుషుల్ని ఎంచుకోవడానికి వస్తున్నారు, ఎవరో పెద్దాయన వంతెనల గురించి మాట్లాడతాడు. పిన్నిగారు వాటిని కంప్యూటర్లో చదివి, తెల్ల కాగితం మీద లావుపాటి పెన్నుతో సొంత దస్తూరీలో రాసి, పక్కనున్న అద్దాల బోర్డులో పెడుతుంది. అచ్చు వేయొచ్చు కదా అంటే వినదు. "అచ్చు కాగితం ఎవడు చదువుతాడండీ? చేత్తో రాస్తే ఎవరిదో ఉత్తరమేమోనని ఒక్క క్షణం ఆగుతారు" అంటుంది. నిజమే, ఆగేవాళ్ళు.

ఆవిడ చేసే ఇంకో పని మాత్రం ఎవరికీ చెప్పి చేసేది కాదు. చివరి తేదీని ఒక రోజు ముందుకు జరిపి రాసేది. దరఖాస్తులకు శుక్రవారం ఆఖరైతే బోర్డు మీద గురువారం అని ఉండేది. కింద ఎర్ర సిరాతో గీత గీసి, "ఇదే చివరి తేదీ. మార్పు లేదు" అని కూడా రాసేది. అబద్ధమే. కానీ ఆ అబద్ధం ఎందుకు మొదలైందో వింటే ఎవరూ కాదనలేరు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పిల్లవాడు గడువు దాటాక పరుగెత్తుకుంటూ వచ్చి, కంతలోంచి కాగితాలు లోపలికి తోసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆవిడ ఏమీ చేయలేకపోయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి తేదీలు ముందుకు జరిగాయి. ఆలస్యంగా వచ్చినవాడిని ఆవిడ ముందు చెడామడా తిట్టేది, "మీ ఇంట్లో గడియారం లేదా నాయనా" అని సాధించేది, చివరికి పెద్ద ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి కాగితం తీసుకునేది. అంత నటన ఏ నాటకంలోనూ ఉండదు.

పిల్లలేం వెర్రివాళ్ళా? ఒకటి రెండు ఏళ్ళు తిరిగేసరికి కనిపెట్టేశారు. ఆ తర్వాత అది కాలేజీలో ఒక ఆచారమైపోయింది. కొత్తగా హాస్టల్లో చేరినవాళ్ళకు పాతవాళ్ళు ఏ స్నానాలగదిలో వేడినీళ్ళు వస్తాయో చెప్పేవాళ్ళు, ఏ మాస్టారు హాజరు పట్టించుకోరో చెప్పేవాళ్ళు, అదే నోటితో "పిన్నిగారి తేదీకి ఒకటి కలుపుకోండి" అని కూడా చెప్పేవాళ్ళు. పిన్నిగారికి ఇదంతా తెలియదా అంటే, తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఎలాగైతేనేం, ఎవరూ వెనకబడటం లేదు కదా అనుకుంది. ఆవిడ హయాంలో ఆ కాలేజీ నుంచి వెళ్ళాల్సిన దరఖాస్తులు ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. గడువు పెంచమని ఏ కంపెనీనీ ఆవిడ ఎప్పుడూ దేబిరించలేదు. అదంటే ఆవిడకు మహా గర్వం.

ఆవిడ కూతురి చదువు కూడా ఆ కాలేజీలోనే. మెకానికల్, ఆఖరి ఏడాది. తండ్రి లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు దారుల మీదే. పిల్లకు పలకాబలపం కన్నా ముందు స్పానరు చేతికిచ్చిన మనిషి. "ఆడపిల్లకి ఆ నూనె మరకల చదువెందుకు" అని చుట్టాలందరూ నెత్తీ నోరూ కొట్టుకున్నా, పిల్ల చెవిన పెట్టలేదు. మొదటి ఏడాదిలో ఏదో ఫ్యాక్టరీ చూడటానికి కొందరిని ఎంపిక చేస్తే అందులో ఆ పిల్ల కూడా ఉంది. లాటరీ తీసిందే అయినా, "పిన్ని కూతురు కదా, ఉండదేమిటి" అని క్లాసులో ఎవడో కూశాడు. ఆ సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి తల్లి చేత గట్టిగా ఒట్టు వేయించుకుంది.

"కాలేజీ సంగతులు నాకు ముందు చెప్పొద్దు. నాకు గుర్తు చెయ్యొద్దు, అడగొద్దు. అందరిలాగే బోర్డు చూసుకుంటా, అందరిలాగే లైన్లో నించుంటా. ఇంట్లో ఆ మాటే వద్దు."

"సరే తల్లీ, నాకు మాత్రం సరదానా" అంది పిన్నిగారు. అన్నమాట ప్రకారం ఆ ఇంట్లో కాలేజీ ఊసే లేకుండా పోయింది. తల్లీకూతుళ్ళు కూరల గురించి, పక్కింటి వాళ్ళ పోట్లాటల గురించి, తండ్రి ఏ ఊరు దాటాడో ఆ సంగతి గురించి మాట్లాడుకునేవాళ్ళు. పిల్ల ఎంత బాగా చదువుతోందో తల్లికి మాస్టార్లు చెబితేనే తెలిసేది.

ఇంతలో ప్లేస్‌మెంట్ ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, చొక్కా మడత నలగనివ్వడు. అతను వచ్చిన కొద్ది రోజులకే ఒక గొడవ జరిగింది. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన ఒక అబ్బాయి, బోర్డు మీద తేదీ దాటిపోయిందని చూసుకుని, నమ్మి, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తే పెట్టలేదు. వాడికి హాస్టలు లేదు, చెప్పే పాతవాళ్ళు లేరు. అసలు గడువు ఇంకో రోజు ఉందని తర్వాత తెలిసి వాడి తండ్రి వచ్చి ఆఫీసు పైకప్పు లేచిపోయేలా అరిచాడు. ఆ అరుపుల్లో న్యాయం ఉంది, పిన్నిగారు తలెత్తలేకపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారో నాకనవసరం అమ్మా" అన్నాడు అధికారి ఆ తర్వాత. "ఇకనుంచి కంపెనీ వాళ్ళు ఇచ్చిన తేదీయే బోర్డు మీద ఉండాలి. ఒక్క రోజు అటూ ఇటూ అయినా నేను ఊరుకోను."

"అలాగే సార్. మరి పిల్లలకి ఈ మార్పు క్లాసులకెళ్ళి చెప్పమంటారా?"

"క్లాసులు చెడగొట్టడమెందుకు? ఇదే అసలు తేదీ అని కింద రాయండి. చదువుకున్న పిల్లలే కదా."

పిన్నిగారు వాదించి ఉండాల్సింది. వాదించలేదు. ఎందుకంటే క్లాసు క్లాసుకీ వెళ్ళి చెప్పాలంటే, ఇన్నేళ్ళూ నేను మీకు అబద్ధం రాశాను అని అందరి ముందూ ఒప్పుకోవాలి. అందరికీ తెలిసిన అబద్ధమే అయినా నోటితో ఒప్పుకోవడం వేరు. అధికారి వద్దనడం ఆవిడకు లోలోపల హాయిగానే అనిపించింది. ఇక్కడే వచ్చింది తంటా అంతా.

అసలు తేదీతో ఆవిడ రాసిన మొట్టమొదటి కాగితం పంపుల కంపెనీది. ఆ కాలేజీకి వచ్చే కంపెనీలన్నీ కంప్యూటరు పిల్లల కోసమే వస్తాయి. మెకానికల్ పిల్లల వైపు చూసేది ఈ నీటి పంపులు తయారుచేసే కంపెనీ ఒక్కటే. ఏడాదికోసారి పోటీ పెడుతుంది. సొంతంగా చేసిన నమూనా, దాని బొమ్మలు, అది పనిచేస్తుండగా తీసిన వీడియో పంపాలి. నచ్చినవాళ్ళను డిజైను విభాగంలో శిక్షణకు తీసుకుని, తర్వాత ఉద్యోగంలో పెట్టుకుంటుంది. ఆఖరి ఏడాది పిల్లలకే అర్హత, అంటే ఎవరికైనా జీవితంలో ఒక్కసారే. పిల్లలు పెన్‌డ్రైవులు తెచ్చి కంతలో ఇస్తే, పిన్నిగారు అన్నీ కలిపి కాలేజీ తరఫున పంపాలి. చివరి తేదీ బుధవారం సాయంత్రం. ఆవిడ బుధవారమనే రాసింది. కింద ఎర్ర గీత గీసి "ఇదే చివరి తేదీ. మార్పు లేదు" అని రాసింది. 'అసలు తేదీ' అని రాస్తే పాతవన్నీ అబద్ధాలని ఒప్పుకున్నట్టే కదా. ఎప్పుడూ రాసే మాటలే అవి. పైన ఇంకో గీత గీసి, "నిజంగానే" అని చేర్చింది. అది చదివి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారట. పిన్నిగారు ఈసారి బాగా రక్తి కట్టించారన్నారట.

కూతురు చేస్తున్నది చేతిపంపుకు వాల్వు. పంపు కొట్టడం ఆపగానే గొట్టంలో నీళ్ళు కిందికి జారిపోతాయి కదా, మళ్ళీ కొట్టాలంటే పైనుంచి చెంబుడు నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళు జారకుండా పట్టి ఉంచే వాల్వు అది. కాలేజీ వర్క్‌షాపులో లేతు మిషను దగ్గర నిలబడి తనే చెక్కుకుంది. వాళ్ళ మాస్టారు పిన్నిగారికి ఎదురుపడి, "మీ అమ్మాయిది ఈసారి వచ్చి తీరుతుందండీ, నా మాట నమ్మండి" అన్నాడు. పిన్నిగారికి ఆ రోజంతా కాళ్ళు నేలకు ఆనలేదు. ఇంటికెళ్ళి మాత్రం నోరు మెదపలేదు, ఒట్టు ఉంది కదా.

బుధవారం పొద్దున్నుంచి కిటికీ దగ్గరకు ఇద్దరే వచ్చారు. ఇద్దరూ అమాయకులు, రాసింది రాసినట్టు నమ్మే బాపతు. మధ్యాహ్నం దాటింది. పిన్నిగారికి అనుమానం రాలేదని అనను. వచ్చింది. ఈ పిల్లలు రేపు వద్దామనుకుంటున్నారేమో అని ఒకసారి అనిపించింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి అధికారి గదివైపు చూసింది. కొత్త పద్ధతి పెట్టిన మొదటిసారే గడువు పెంచమని అడిగితే ఏమంటాడో! ఆవిడ అలవాటే లేని పని అది. కంపెనీకి ఫోన్ చేసి, మా పిల్లలకు ఇంకో రోజు ఇవ్వండమ్మా అనడానికి నోరు రావద్దూ? రాసింది రాసినట్టు ఉంది, చదువుకున్న పిల్లలు, ఇష్టం లేనివాళ్ళు రారు అని తనకు తనే సర్దిచెప్పుకుని వచ్చి కూర్చుంది.

సాయంత్రమైంది. పంపే ముందు ఆవిడ పేర్లు చూసింది. కూతురి పేరు లేదు. ఫోన్ తీసి కూతురి నంబరు దాకా వెళ్ళింది. వేలు మీట మీదే ఉంది. ఆ ఒక్క మీటా నొక్కి ఉంటే ఈ కథే లేదు. కానీ మిగతా పిల్లలకు ఎవరికీ చేయలేదు కదా, తన పిల్లకు మాత్రం ఎలా చేస్తుంది? ఒట్టు మాటేమిటి? వాల్వు కుదరక మానుకుందేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో. అలా అనుకుంటూ అనుకుంటూ ఫోన్ పక్కన పెట్టేసింది. ఇద్దరివీ పంపింది. కంప్యూటర్లో పోటీ పేజీ మూసుకుపోయింది. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండేది ఇక్కడే. న్యాయంగా ఉండటమంటే సొంత పిల్ల గొంతు నులమడమా? పోనీ, పిల్లలందరికీ చేయొచ్చు కదా ఫోను! ఎందరని? మహా అయితే పదిమంది!

రాత్రి కూతురే ఫోన్ చేసింది. "అమ్మా, ఇవాళ స్నేహితురాలి గదిలో ఉంటా. పనుంది."

"సరే, తిని పడుకో. మీ నాన్న ఫోన్ చేశాడు, లారీ టైరు పంచరైందట" అంది తల్లి. ఏం పని అని అడగలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే మెట్ల మీద నవ్వులు వినిపించాయి. పిన్నిగారు తలెత్తి చూసేసరికి కిటికీ ముందు వరుస కట్టి ఉంది. ముందున్నవాడు అందరూ పొడుగు అని పిలిచే కుర్రాడు. వంగి కంతలోంచి పెన్‌డ్రైవు లోపలికి తోశాడు.

"తిట్టండి పిన్నిగారూ, తొందరగా తిట్టేసి తీసుకోండి. వెనక చాలామంది ఉన్నారు."

పిన్నిగారు వరుస పొడవునా చూసింది. చిట్టచివర, గోడకు ఆనుకుని, గుడ్డసంచి రెండు చేతులతో పట్టుకుని కూతురు నిలబడి ఉంది. అందరిలాగే.

"నిన్ననే అయిపోయింది బాబూ" అంది పిన్నిగారు.

"అబ్బ, ఎంత బాగా చేస్తున్నారండీ!" అన్నాడు వాడు. వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నటన కాదురా. నిన్న సాయంత్రమే మూసేశారు. నిజంగానే అని రాశాను కదరా, రెండు గీతలు గీశాను కదరా!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాక వాడి నవ్వు ఆగిపోయింది. వెనక నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఎవడో, "ప్రతిసారీ అదే కదండీ రాశారు! ఎప్పుడు నిజమో మాకెలా తెలుస్తుంది?" అని గట్టిగా అరిచాడు. ఒక అమ్మాయి అక్కడే మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఒక్కొక్కరే కిటికీ దాకా వచ్చి, అదే మాట మళ్ళీ విని, నమ్మలేనట్టు చూసి వెళ్ళారు. వరుస తరుగుతున్నకొద్దీ కూతురు ఒక్కో అడుగే ముందుకు వచ్చింది. అంతా వింటూనే ఉంది. అయినా వరుస దాటుకుని రాలేదు, వెళ్ళిపోనూ లేదు. తన వంతు వచ్చేదాకా ఆగింది.

"మేడమ్" అంది కంత దగ్గర వంగి.

"నిన్న ఎందుకివ్వలేదే?" అంది పిన్నిగారు. ఒట్టు సంగతి అప్పుడు గుర్తు లేదు.

"నిన్న పొద్దుటికే అయిపోయిందమ్మా. కాకపోతే ఒక్క చుక్క కారుతోంది. ఎలాగూ ఇంకో రోజుంది కదా అని సరిచేశా. రాత్రంతా కూర్చున్నా. ఇప్పుడు కారడం లేదు."

పిన్నిగారు కుర్చీలోంచి లేచి తిన్నగా అధికారి గదిలోకి వెళ్ళింది. అతను అంతా విని, పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ గడువు దాటాక తను అడిగితే కాలేజీకి చెడ్డపేరన్నాడు, కావాలంటే మీరే మాట్లాడుకోండన్నాడు. ఆవిడ వరండాలోకి వచ్చి కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎత్తింది ఒక ఆడమనిషి, చాలా మర్యాదస్తురాలు. పిన్నిగారు ఇన్నేళ్ళలో ఎవరినీ బతిమాలని మనిషి, ఆ రోజు బతిమాలింది. కాళ్ళు పట్టుకుంటానంది. తన కూతురి పేరు చెప్పింది, ఏడ్చిన అమ్మాయి పేరు చెప్పింది, పొడుగువాడి పేరు చెప్పింది. చెప్పడంలో తప్పులు పోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"అయ్యో, అంత మాటలెందుకండీ" అంది అవతలావిడ. "నిన్న సాయంత్రంలోగా ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. వేరే కాలేజీల వాళ్ళు కొందరు అడిగారు, వాళ్ళకి ఇవాళ పొద్దుటిదాకా తెరిచే ఉంచాం. మీ కాలేజీవి ఎప్పుడూ టైముకే వస్తాయి కదా, మీకవసరం ఉండదనుకున్నాం. ఇప్పుడు అన్నీ కలిపి పైవాళ్ళకి పంపేశామండీ. ఇక నా చేతుల్లో ఏం లేదు."

పిన్నిగారు థాంక్సండీ అంది. అలవాటు కొద్దీ వచ్చిన మాట. అవతలావిడ పెట్టేశాక కూడా ఫోన్ కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.

కూతురు సైకిల్ స్టాండు గోడ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డసంచి. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు.

"ఏమన్నారమ్మా?"

తేదీల దగ్గర ఏళ్ళ తరబడి అబద్ధమాడిన మనిషికి ఇంకొక్క అబద్ధం కష్టం కాకూడదు. కానీ ఈసారి కష్టమే అయింది.

"కుదరదన్నారే. ఎవరికీ ఇవ్వలేదట. ఎంత అడిగినా ఇచ్చేవాళ్ళు కాదట."

కూతురు తల వంచుకుని సంచి మూతిని ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. తర్వాత గోడ దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"పోనీలే అమ్మా, ఏడవకు. నువ్వు ఎవరినీ ఏదీ అడిగే మనిషివి కాదు. నా కోసం అడిగావు, అది చాల్లే నాకు."

పిన్నిగారు ఆ చేతిని పట్టుకోలేకపోయింది, విడిపించుకోనూ లేకపోయింది.